మౌలాలి గుట్ట దిగువన మహ్‌లఖా
నాచారానికి చేరువలోని మౌలాలి గుట్ట దిగువన, 1792లో తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం తానే కట్టించిన సమాధి ప్రాంగణంలో, ఆమె పక్కనే విశ్రమించిన మహ్‌లఖా బాయి చందా (1768–1824) రెండో, మూడో నిజాంల దర్బారులో ఉమ్రాగా, అనగా ఉన్నత ప్రభువర్గంలో ఒకరిగా మన్నన పొందింది. నర్తకి అన్న ఒక్క మాటతో ఆమెను సరిపెట్టడం అన్యాయమే. నిజాం యుద్ధయాత్రలకు తోడుగా వెళ్ళి, రాజ్యవ్యవహారాల్లో సలహాలిచ్చిన ఆమెకు జాగీర్లు, అంటే శిస్తు అనుభవించే హక్కుతో కూడిన భూములు దక్కగా, వాటిలో ఒకటైన అడిక్‌మెట్‌లో తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. కవయిత్రిగా ఆమె రాసిన, అయిదేసి షేర్లు, అంటే ద్విపదలు, గల ఉర్దూ గజళ్ళు చాలావరకు హజ్రత్ అలీ స్మరణతో ముగుస్తాయి. ఆ గజళ్ళ దివాన్ (కవితాసంపుటి) ప్రతిని 1799లో ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌కు కానుకగా ఇచ్చింది.