వారసుని వయస్సునకు ఊరే సాక్షి

వాడరేవు, చీరాల ప్రాంతములలో పాతతరమువారిని వయస్సు అడిగినచో అంకె చెప్పువారు అరుదు. ధాత కరువునాటి పుట్టుక యనియో, చీరాల ప్రజలు ఊరు విడిచి రామనగరమున పాకలు వేసికొన్ననాటిదనియో చెప్పెడివారు. ధాత యనగా 1876-77. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై చీరాల కదలినది 1921లో. సంవత్సరనామము అరువదేండ్లకుగాని తిరిగిరాదు. ఇరువదేండ్లవానిని ఎనుబదేండ్లవాడని ఎవరును పొరబడరు గదా!

ఇది వినోదపు లెక్క కాదు. మైనరు భూమిని సంరక్షకుడు అక్రమముగా అమ్మినచో, ఆ మైనరు యుక్తవయస్సు వచ్చిన 3 సంవత్సరములలోగా దావా వేయవలెను. ఒక్క యేడు అటునిటైన పొలము దక్కదు. జాతకము లేని బిడ్డకు మంత్రసానియు, ఇరుగుపొరుగువారును దిక్కుగా నుండిరి.

మధ్యయుగపు ఇంగ్లండులోను ఇదే చిక్కు. యుద్ధసేవ షరతుపై రాజునుండి నేరుగా భూమి పొందినవాడు మరణించినచో, కుమారునకు 21 ఏండ్లు నిండువరకు ఫలసాయము రాజుదే, లేదా రాజునొద్ద ఆ హక్కు కొన్నవానిదే. వయస్సు నిరూపించుటకు స్థానికులు, సాధారణముగా పన్నిద్దరు, ప్రమాణము చేసి, తమకది ఎట్లు జ్ఞాపకమో చెప్పవలెను. ఆనాడే తన కాలు విరిగినదని ఒకడు, ఆ వారమే తండ్రిని పాతిపెట్టితినని మరియొకడు. చిత్రమేమన, దూరపు జిల్లాల పత్రములలోను అవే కాళ్లు విరుగుచుండును! వ్రాయసగాండ్రు పాత మాటలనే దించిరని పరిశోధకుల అనుమానము. అంతమాత్రమున వయస్సు అబద్ధము కానక్కరలేదు. ఊరెరిగిన నిజమునకు, అధికారి కోరిన కారణమును వెదకి తగిలించియుందురు.

మన సాక్షికి ఆ బాధ లేదు. కరువు ఒక్కని కాలు కాదు, అందరిదీ. ఎదురుపక్షపు వకీలైనను కాదనలేడు. కరువు ఏ నెలలో అని మాత్రము నిలదీయగలడు.