భిలాయినుండి పత్రికకు: వ్రాతప్రతి నియమములు

1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒప్పందముచే వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారమున తొలి ఊదుకొలిమికి 1959 ఫిబ్రవరి 4న ప్రారంభోత్సవము జరిగినది. పనికై అచ్చటికి తరలిన తెలుగువారిలో ఉత్తరాంధ్రమువారు పలువురు. 1924లో మద్రాసున పుట్టి 1991లో ఆగిపోయిన ‘భారతి’ వంటి పత్రికలు వారికి దూరపువి. సంపాదకుని యెరుగని రచయితకు వ్రాతప్రతియే పరిచయము.

కాగితమునకు ఒకవైపుననే, అంచు విడిచి వ్రాయవలెనన్న నియమము కంపోజిటరులకు పుటలు పంచుట కొరకేర్పడినది. రచన స్వంతమనియు, అనువాదము కాదనియు, మరియొక పత్రిక పరిశీలనలో లేదనియు హామీపత్రము జతపరుపవలెను. తపాలాబిళ్లలంటించిన స్వంత చిరునామా కవరు లేనిచో తిరస్కృతరచన తిరిగిరాదు. కావున నకలు తప్పనిసరి. నేడు యూనికోడున టైపుచేసి ఈమెయిలున పంపుట పరిపాటి. పాత ‘అను’ ఖతులలోని ప్రతి ఆ ఖతి లేని యంత్రముపై పిచ్చిగీతలగును.

అసలు చిక్కు భాషది. భిలాయి కథలో ఊదుకొలిమి హిందీ మాటున ‘ధమన్ భట్టీ’ కావచ్చును. పాత్ర శ్రీకాకుళపు పలుకుబడిలో ‘ఒగ్గేసినాడు’ అనవచ్చును. రావిశాస్త్రి, కాళీపట్నము రామారావుల కథలు చదివిన సంపాదకునికి రెండవది వింత కాదు. మొదటిది తప్పుగా తోచి దిద్దబడవచ్చును. దిద్దినచో ఆ కార్మికుడు భిలాయివాడు కాకపోవును. ఆ పదము బుద్ధిపూర్వకముగా వాడినదని జతలేఖలో ఒక్క వాక్యము చాలును. కథాసారాంశము, రచయిత కష్టములు—తరచుగా కనబడునవి ఇవియే—అచ్చట అనవసరము.