బీరువాలో ల్యాప్‌టాప్: ఉంచుకుందామా? అమ్మేద్దామా?

పట్టుచీరల కింద, పెళ్ళి ఆల్బమ్ పక్కన, నల్ల సంచీలో ఒక ల్యాప్‌టాప్! ఈ రోజుల్లో చాలా ఇళ్ళ బీరువాల్లో కనబడేదే ఇది. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే వచ్చే పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి కాలనీల్లో "మా ఇంట్లోనూ ఒకటుందండీ, బయటికి తీసి ఎన్నాళ్ళయిందో!" అనే గృహిణులు తక్కువేం కాదు.

అది ఇంట్లోకి ఎలా వచ్చిందో గుర్తుండే ఉంటుంది. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు ఆన్‌లైన్ క్లాసులన్నాయి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్క ఫోను చాలలేదు. అప్పోసప్పో చేసి, వాయిదాల మీద ల్యాప్‌టాప్ కొన్నారు. తర్వాత బడులు తెరిచారు, పనులన్నీ మళ్ళీ ఫోనులోకి వచ్చేశాయి, ల్యాప్‌టాప్ బీరువా ఎక్కింది.

ఇప్పుడు దాన్నేం చెయ్యాలి? "ఉండనీ లెద్దురూ, ఎప్పటికైనా పనికొస్తుంది" అని ఒకరు. "చోటు దండగ, అమ్మి పారేద్దాం" అని ఇంకొకరు. ఈ వాదనలో ఏళ్ళు గడిచిపోతాయి. తేల్చుకోకపోవడం వల్ల వచ్చే నష్టమే అన్నిటికన్నా ఎక్కువ.

బంగారంలా దాచేది కాదు

మనకి వస్తువుల్ని దాచడం అలవాటు. బంగారం దాస్తే ధర పెరుగుతుంది. ఇత్తడి బిందె దాస్తే కూతురి పెళ్ళికి పనికొస్తుంది. ల్యాప్‌టాప్ మాత్రం దాచినకొద్దీ తరుగుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద వ్యాపారస్తులు కంప్యూటర్ విలువలో ఏటా 40 శాతం తరుగు రాసుకునేవారు. ఆ లెక్కన 50,000 రూపాయలు పెట్టి కొన్నది ఏడాదికి 30,000, రెండేళ్ళకి 18,000, మూడేళ్ళకి 10,800, నాలుగేళ్ళకి 6,480 అవుతుంది. బజారులో ధర అచ్చంగా ఇలాగే పడుతుందని కాదు, ఎంత తొందరగా పడుతుందో తెలియడానికి చెబుతున్నాం.

వాడకుండా ఉంచితే పాడవదనుకోవడం కూడా పొరపాటే. లోపలి లిథియం బ్యాటరీ ఊరికే ఉన్నా బలం కోల్పోతుంది. పూర్తిగా దిగిపోయి నెలల తరబడి ఉండిపోతే, మళ్ళీ చార్జింగ్ ఎక్కకపోవచ్చు.

ముందు ఈ మూడూ చూడండి

ఒకటి: రాబోయే ఏడాదిలో దీన్ని వాడేది ఎవరు? "ఎవరో ఒకరు" అంటే కుదరదు. పేరు, పని రెండూ చెప్పగలగాలి.

రెండు: ఇప్పుడు అది పనిచేస్తోందా? చార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఎంతసేపటికి తెరుచుకుంది, చార్జర్ తీస్తే ఎంతసేపు నిలిచింది, వైఫై అందుతోందా, కెమెరా, మైకు, కీబోర్డులో అన్ని అక్షరాలు పనిచేస్తున్నాయా, ఒక కాగితం మీద రాసుకోండి.

మూడు: లోపల ఏ విండోస్ ఉంది? మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలు భద్రతా సహకారాన్ని 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే కొంతకాలం పొడిగింపు ఇచ్చింది. విండోస్ 11 వేసుకోవాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరమో, ఆ తర్వాతదో కావాలి. మీదానికి ఎక్కుతుందా లేదా అన్నది నమ్మకమైన రిపేరు షాపులో అడిగితే చెప్తారు. భద్రతా అప్‌డేట్లు రాని మెషీన్‌లో పాత ఫొటోలు చూసుకోవచ్చు గానీ, బ్యాంకు పనులు మాత్రం చేయకూడదు.

ఉంచుకోదగ్గ ఇళ్ళు

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే తొందరపడి అమ్మకండి. తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. దాన్నే ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు. జేఈఈ మెయిన్ కూడా అంతే. ఫోనులో వేలితో రాసిన నమూనా పరీక్షకీ, తెర ముందు కూర్చుని మౌస్‌తో రాసినదానికీ తేడా ఉంటుంది. డిగ్రీలో చేరేవాళ్ళు 'దోస్త్'లో కాలేజీల వరస పెట్టుకోవడానికి కూడా పెద్ద తెర సుఖం.

మీకోసం కూడా ఒకసారి ఆలోచించండి. టైలరింగ్, టిఫిన్ ఆర్డర్లు, చీటీ, ట్యూషన్లు, ఇలా చిన్న ఆదాయం ఉన్నవాళ్ళకి లెక్కలు రాసుకోవడానికి అదే కంప్యూటర్ పనికొస్తుంది. పిల్లల కోసం కొన్నదాన్ని అమ్మ ముట్టుకోకూడదని ఎక్కడా లేదు! నెలకి నాలుగు రోజులు వాడినా సరే, అది ఉంచుకోదగ్గదే.

ఇంకొక విషయం. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇవాళ అమ్మి, ఆర్నెల్లకి మళ్ళీ కొనాల్సి వస్తే చేతి చమురు వదులుతుంది. మెల్లగా నడుస్తోందని మాత్రమే అమ్మదలిస్తే, పాత హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఎంతవుతుందో ముందు అడగండి. చాలా వరకు ఆ ఒక్క మార్పుతో చురుకు వస్తుంది.

ఉంచుకోవాలని తేల్చుకుంటే బ్యాటరీని సగం దాకా చార్జి చేసి, వేడీ తేమా తగలని చోట పెట్టి, రెండు మూడు నెలలకోసారి ఆన్ చేయండి.

అమ్మే ముందు

ఆఫీసువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అమ్మే హక్కు మనకి లేదు, తిరిగి ఇచ్చేయాలి. సొంతదైతే ముందు ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్లు ఒక హార్డ్‌డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. పిల్లల పుట్టినరోజు ఫొటోలు పోతే ఏ ధరకీ దొరకవు.

తర్వాత ఈమెయిల్, వాట్సాప్ అన్నింటిలోంచీ లాగవుట్ అవ్వండి. ఆధార్, పాన్ కాపీలు చెరిపేసినంత మాత్రాన పోవు, తెలిసినవాళ్ళు వాటిని వెనక్కి తీయగలరు. సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ'కి వెళ్ళి, 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, అందులోనే 'క్లీన్ డేటా' కూడా ఆన్ చేయండి. దీనికి గంటలు పట్టవచ్చు. చార్జర్ పెట్టే ఉంచాలి.

ఎక్కడ అమ్మాలి?

మనవైపు వాళ్ళకి ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు. అక్కణ్ణించి దగ్గర్లోనే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, సీటీసీ అంటే ఎవరైనా చూపిస్తారు. కంప్యూటర్ల బజారది. చార్జర్, కొన్న బిల్లు తీసుకెళ్ళండి. ఒక్క షాపులో చెప్పిన ధరకే ఒప్పుకోకుండా కనీసం మూడు చోట్ల అడగండి. చీర కొనేటప్పుడు చూపించే ఓపిక ఇక్కడా చూపించాలి. ఎవరికి అమ్మినా సీరియల్ నంబరు, తేదీ, ధర రాసి సంతకం తీసుకోండి.

ఫోనులో ప్రకటన ఇచ్చి అమ్మేవాళ్ళకి ఒక హెచ్చరిక. కొంటామని చెప్పి క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటారు. డబ్బు పంపేటప్పుడే పిన్ కొట్టాలి గానీ, పుచ్చుకునేటప్పుడు అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఉబ్బితే ప్రమాదం

కింది భాగం ఉబ్బినా, మౌస్‌లా వాడే పలక పైకి లేచినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, మంటలు రావచ్చు. పాత సామాన్ల బండికి వేయడం, చెత్త ఆటోలో పడేయడం రెండూ తప్పే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి. ఏ కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఇంత చూసినా తేలలేదా? దాన్ని బీరువాలోంచి తీసి నెల రోజులు భోజనాల బల్ల పక్కన పెట్టండి. వాడిన ప్రతిసారీ ఎవరు, ఎందుకు వాడారో క్యాలెండర్ మీద రాయండి. నెలాఖరుకి ఆ గళ్ళు నిండితే ఉంచుకోండి. ఖాళీగా మిగిలితే, వచ్చే ఆదివారమే సీటీసీకి బదులు షాపులన్నీ తెరిచి ఉండే సోమవారం పొద్దున్నే బయల్దేరండి. వచ్చిన డబ్బు ఇంటి ఖర్చులో కలిపేయకుండా, పిల్లల పరీక్ష ఫీజుకో, మీరు ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న కుట్టుమిషనుకో విడిగా తీసి పెట్టండి.