తలకు గాయమైనవారి నిర్ణయశక్తి

తలకు గాయమై కోలుకొంటున్న వ్యక్తికి మాట తడబడవచ్చు, జ్ఞాపకం చెదరవచ్చు. అంతమాత్రాన నిర్ణయశక్తి పోయినదని భావించరాదు.

మానసిక చికిత్స విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 4వ సెక్షన్‌లో మూడు అంశాలను పేర్కొన్నది: విషయాన్ని గ్రహించడం, నిర్ణయ ఫలితాన్ని ఊహించగలగడం, ఉద్దేశాన్ని మాటతోగాని సైగతోగాని తెలుపడం. ఆ నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన శక్తి లేదనడానికి వీలులేదు. సమాచారాన్ని రోగికి అర్థమయ్యే సరళమైన భాషలో తెలుపాలని కూడా ఆ సెక్షనే నిర్దేశిస్తున్నది.

పరభాషా నగరాలలో నివసించే తెలుగువారికి ఈ నియమం మిక్కిలి ముఖ్యం. మెదడు గాయపడినప్పుడు కొందరికి ఒక భాష ముందుగా, మరొకటి ఆలస్యంగా తిరిగి వస్తుంది. కన్నడంలోనో తమిళంలోనో అడిగిన ప్రశ్నకు బదులు రానప్పుడు, దానినే తెలుగులో అడిగించమని వైద్యుని కోరాలి. అనువదించే బంధువు రోగి చెప్పినదే చెప్పాలి. తన అభిప్రాయాన్ని కలుపరాదు.

నేడు లేని శక్తి కొన్ని వారాలకు తిరిగి రావచ్చు. మందుల విషయం నిర్ణయించుకోగలవారికి ఇల్లు అమ్మే విషయం అందకపోవచ్చు. కనుక ఏ నిర్ణయానికి ఆ నిర్ణయాన్నే, అవసరమైన ప్రతిసారీ, విడిగా పరీక్షించాలి.