పోత ఇనుమా, ఉక్కా?

తెలుగువాళ్ళకు చలి తక్కువేగాని, భాషలో మాత్రం కుంపట్లకు కొదవలేదు. పెళ్ళి కావలసిన పిల్ల తండ్రికి “గుండెల మీద కుంపటి”. అన్నదమ్ములు విడిపోతే “వేరు కుంపటి”. యిన్నేళ్ళుగా యీ మాటలను క్లాసులో చెబుతూ వచ్చానేగాని, అసలు కుంపటిని గురించి ఆలోచించవలసిన అవసరం నాకు నిరుడు కార్తీకమాసం దాకా కలగలేదు.

మా తమ్ముడు అమెరికాలో, వెర్మాంటు రాష్ట్రంలో వుంటాడు. మంచు మోకాళ్ళలోతున పడే దేశం. వాడొకనాడు ఫోను చేసి, “అక్కయ్యా! యింట్లో కట్టెల పొయ్యి పెట్టించుకుంటున్నాను. పోత ఇనుముది మంచిదంటారు కొందరు, ఉక్కుది మంచిదంటారు కొందరు. మీ యూనివర్సిటీలో ఎవరినైనా అడిగి చెప్పవూ?” అన్నాడు. వంటకు కాదు, యిల్లు వెచ్చబడడానికే ఆ పొయ్యి.

మా యిల్లు తార్నాకలో. మర్నాడు క్లాసు కాగానే ఆర్ట్స్ కాలేజీ మెట్లు దిగి, ఇంజనీరింగు కాలేజీవైపు నడిచాను. అక్కడ లోహాలను గురించి పాఠం చెప్పే మాస్టారు ఒకరు నాకు పరిచయం. నా ప్రశ్న విని ఆయన నవ్వలేదు. కుర్చీ చూపించి, పాఠమే మొదలుపెట్టారు.

“రెండూ ఇనుమేనండీ. తేడా అంతా బొగ్గుపదార్థంలో వుంది. పోత ఇనుములో అది నూటికి రెండు మొదలు నాలుగు పాళ్ళదాకా వుంటుంది. అందుకే సుమారు 1200 డిగ్రీలకే కరిగి అచ్చుల్లోకి పారుతుంది. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. పోతపోసింది కనుక పువ్వులూ తీగెలూ ఎన్ని నగిషీలైనా వస్తాయి. కాని పెళుసు. కాగి వున్నప్పుడు చన్నీళ్ళు పడితే బీట వేస్తుంది. పలకలు బిగించి, సందుల్లో మెత్తిన లప్పం కొన్నేళ్ళకు రాలిపోతుంది, మళ్ళీ మెత్తాలి. ఉక్కులో బొగ్గుపదార్థం బహు తక్కువ. రేకులు కోసి వెల్డింగు చేస్తారు, సందులుండవు. పలుచటి రేకయితే త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. మితిమీరి కాలిస్తే వంకరపోతుంది.”

“అయితే వేడి నిలవాలంటే పోత ఇనుమేనన్నమాట” అన్నాను.

“అక్కడే అందరూ పొరబడతారు. బరువుకు బరువు తూస్తే రెండూ పట్టివుంచే వేడి యించుమించు సమానమే. పోత పొయ్యి మందం, బరువు. అందుకని వేడి నిలుస్తుంది. ఉక్కు పొయ్యి లోపల నిప్పుకు తట్టుకునే ఇటుకలు పేర్చితే అదీ అంతే. గుణం లోహానిది కాదు, బరువుది.”

ఆయన మాట నాకు నచ్చింది. ఉక్కంటే మనకు కొత్తా! నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కుకోసం పూర్వం పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఆ ఉక్కుకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న “వూట్జ్” అనే పేరు కూడా మన దక్షిణాది “ఉక్కు” నుంచే వచ్చిందని పండితులంటారు.

యింటికి వచ్చి యీ విద్యంతా మా అత్తగారి దగ్గర ప్రదర్శించాను. ఆవిడది ఆదిలాబాదు. చలి సంగతి ఆవిడకు ఒకరు చెప్పనక్కరలేదు. “అయితే నాకూ ఒక బరువైన కుంపటి తెప్పించమ్మా. యీ వయస్సులో తెల్లవారుజామున కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి” అన్నారు. మావారు పాత ఇనప సామాన్ల దుకాణంలో వెతికి, పోత ఇనుము కుంపటి తెచ్చారు. రేకుది కాదు సుమా! పాఠం విన్నదాన్ని గదా.

పుష్యమాసంలో ఒకరాత్రి ఆవిడ గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, కిటికీలన్నీ మూసి పడుకున్నారు. పక్కన మా పాప. తెల్లవారుజామున పాప గోడ పట్టుకుని నడుస్తూ మా గదిలోకి వచ్చి, “తల పగిలిపోతోందమ్మా” అని వాంతి చేసుకుంది. పరుగెత్తి వెళ్ళి చూద్దును గదా, అత్తగారు పిలిస్తే పలకలేదు. మావారు ఆవిడను వరండాలోకి మోసుకు వచ్చారు. గదిలో పొగ లేదు, వాసన లేదు. కుంపటి మాత్రం యింకా వెచ్చగానే వుంది. మంచి బరువైన కుంపటి మరి!

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి ఆవిడ కళ్ళు తెరిచి, “పాప ఏదీ?” అన్నారు. అప్పటిగాని నాకు ఏడుపు రాలేదు.

డాక్టరుగారు మందలించినట్లే చెప్పారు: “బొగ్గులు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తం ప్రాణవాయువుకంటే దాన్ని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోయినవాళ్ళు నిద్రలోనే వుండిపోతారు. పాప లేచి రాబట్టి బతికారు.”

ఆ వారమే తమ్ముడికి ఫోను చేశాను. “పోత ఇనుమా, ఉక్కా, నీ యిష్టం. చూడముచ్చటగా వుండాలంటే పోతది కొను. త్వరగా వెచ్చబడాలంటే ఉక్కుది కొను. కాని పొగగొట్టం కప్పు దాటి పైకి వెళ్ళాలి, ఏటేటా దాన్ని శుభ్రం చేయించాలి. బాగా ఎండిన కట్టెలే వాడు. ఆ గాలిని కనిపెట్టి గంట కొట్టే యంత్రం పడకగది దగ్గర పెట్టు. యివి కుదిరాకనే లోహం సంగతి.”

“నేనడిగింది ఇనుము గురించి, నువ్వు చెబుతున్నది గొట్టం గురించి” అని నవ్వాడు. జరిగింది చెప్పాక నవ్వలేదు.

కుంపటిని పారవెయ్యనివ్వలేదు మా అత్తగారు. యిప్పుడది పెరట్లో, జామచెట్టు కింద, ఆకాశమే కప్పుగా వుంది. సాయంత్రాలు దానిమీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తారు. రాత్రి పడకకు వేడినీళ్ళ సంచీ, ఉన్ని మేజోళ్ళు.

మొన్న నాకో పొత్తు అందిస్తూ, “మొత్తానికి నా చేత వేరు కుంపటి పెట్టించావమ్మా” అన్నారు. యింతకాలం భాష చెబుతున్నాను గాని, ఆ మాట అంత తియ్యగా వుండగలదని నాకూ తెలియదు.