నీరు తీసిన తరువాతనే తుప్పు

2024 సెప్టెంబరు తొలినాళ్ళలో బుడమేరుకు గండ్లు పడి, విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ మొదలగు పేటలు దినముల తరబడి నీట నానినపుడు, ఇండ్లతోపాటు వేలకొలది వాహనములును మునిగినవి. క్రొత్తబండి కలవానికి బీమా యున్నది, కంపెనీవారి విడిభాగములున్నవి. కాని పాత అంబాసిడరునో ప్రీమియర్ పద్మినినో సాంతము విప్పి, ఇంజనునొక మూలను, గేరుబాక్సునింకొక మూలను పరచుకొని, తీరికవేళల మెల్లమెల్లగా పునరుద్ధరించుకొనుచున్నవాని షెడ్డులోనికి అట్టి నీరే వచ్చినచో, అతని కష్టము వేరు. ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు నిర్మాణము 2014లో ఆగిపోయినది. పద్మిని అంతకు చాల ముందే ఆగినది. ఇట్టి బండ్లలో ఒక భాగము చెడినచో మరల దొరకుట పాత ఇనుపసామాను అంగళ్ళలో వెదకువాని అదృష్టము.

ఆ సమయమున ఎవరికైనను మొదట తోచునది, నీరు తీయగనే సమస్తమును బయటికి లాగి ఎండలో పరచుట. ఇనుము విషయమున ఇంతకంటె హానికరమైన తొందర లేదు. ఏలన, తుప్పునకు నీరొక్కటియే చాలదు, ప్రాణవాయువును కావలెను. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువు కరగదు, మురుగు కలిసిన వరదనీటిలో అంతయును ఉండదు. అదే లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు కలదు. మునిగియున్న ఇనుమునకు ఆ స్వల్ప ప్రాణవాయువు నీటిలోనుండి మెల్లగా చేరవలసియుండగా, బయటికి తీసిన తడి వస్తువుపై నిలిచిన పలుచని నీటిపొరను గాలిలోని ప్రాణవాయువు ఇట్టే దాటివచ్చును. నీటి యడుగున దినముల తరబడి పడియుండియు నునుపు చెడని క్రాంకుషాఫ్టు, తడితో బల్లపై పెట్టిన ఒక్క పూటలో ఎర్రబారుట ఇందువలననే.

సముద్రగర్భమునుండి తీసిన ప్రాచీన లోహవస్తువులను కాపాడువారికి ఈ సంగతి సుపరిచితము. 1864లో, అమెరికా అంతర్యుద్ధకాలమున, చార్లెస్టన్ రేవు చెంత మునిగిపోయిన హన్లీ యను జలాంతర్గామిని 2000లో పైకెత్తినపుడు, దానిని గాలికి ఆరనీయక తొట్టినీటిలోనే యుంచిరి. పిదప క్షారద్రావణమున సంవత్సరముల తరబడి నానబెట్టి, లోహమున ఇంకిన లవణములను వెలికి తీసిరి.

తుప్పు వాస్తవమునకు ఒక విద్యుద్వ్యాపారము. లోహతలమున ఒకచోట ఇనుము అయానులై నీటిలోనికి దిగును. అచట విడివడిన ఎలక్ట్రానులు లోహముగుండ వేరొకచోటికి ప్రయాణించి, ప్రాణవాయువును నీటిని కలిపి క్షారమును పుట్టించును. ఈ రెండును నడుమ కలిసికొని, మరికొంత ప్రాణవాయువును గ్రహించి, మనమెరిగిన ఎర్రని పదార్థమగును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన యు. ఆర్. ఈవాన్సు దీనిని ఒక ఉప్పునీటి బొట్టుతో కన్నులకు కట్టించెను. పొటాసియం ఫెర్రిసయనైడును, ఫినాల్ఫ్తలీనును కలిపిన ఉప్పునీటి బొట్టును మెరుగుపెట్టిన ఇనుపరేకుపై నిలిపినచో, కొంతసేపటికి బొట్టు నడిమిభాగము నీలమగును, అంచు గులాబిరంగు దాల్చును, ఆ రెంటి మధ్య తుప్పు ఒక వలయముగ పేరుకొనును. నీలము ఇనుము కరగుచున్న చోటు. గులాబి క్షారము పుట్టుచున్న చోటు. చిత్రమేమనగా, గాలి ధారాళముగ తగులు అంచు క్షేమముగ నుండగా, గాలి అందని నడిమిభాగమే క్షయించుచున్నది.

వరదబురద చేయు ద్రోహమంతయు ఈ బొట్టులో నున్నది. బురదముద్ద అంటిన చోట గాలి అందదు, దాని ప్రక్కను అందును. కావున ముద్ద క్రిందనే ఇనుము కరగి గుంటలు పడును. మురుగుతో వచ్చిన క్లోరైడు లవణములు గాలిలోని తేమను పీల్చుచు, పైకి ఎండినట్లు కనబడు బురదను లోపల తడిగానే నిలిపియుంచును. బోల్టుతలల క్రిందను, రబ్బరుపట్టీల చాటునను, రెండు రేకులు కలియు అతుకులలోను ఇదియే జరుగును.

కావున ఇనుప, ఉక్కు భాగములను ఆనాడు కడిగి, ఆరబెట్టి, నూనె పూయగలిగినన్ని మాత్రమే బయటికి తీయవలెను. తక్కినవానిని బురద వదలునట్లు మంచినీట జాడించి, లీటరుకు సుమారు 10 గ్రాముల చాకలిసోడా కరగించిన ప్లాస్టిక్ తొట్టిలో పూర్తిగా ముంచియుంచవలెను; క్షారజలమున ఇనుముపై కంటికి కానరాని ఆక్సైడుపొర యొకటి నిలిచి దానిని కాపాడును. అల్యూమినియం పిస్టన్లను, జింకు మిశ్రలోహపు కార్బురేటరును మాత్రము ఆ తొట్టిలో వేయరాదు, సోడా వానిని తినివేయును. మొదట చేపట్టవలసినవి నున్నగా సానపట్టిన క్రాంకుషాఫ్టు, క్యాంషాఫ్టు, వాల్వులు, గేరుచక్రములు. గరుకు పోతభాగములు కొంత ఓపిక పట్టగలవు.

కడపటి కడుగుడు సలసల కాగిన నీటితో చేసినచో, లోహము తన వేడిచేతనే నిమిషములలో ఆరిపోవును. ఆరిన వస్తువును అట్లే వదలరాదు. గాలిలోని తేమ ఒక హద్దు దాటగనే తుప్పు వేగము ఒక్కసారిగ పెరుగునని ఇంగ్లండులో వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు 1930ల ప్రాంతమున నిరూపించెను. ఆ హద్దు సుమారు 60 శాతము. వర్షర్తువున కోస్తాలో గాలి ఆ హద్దునకు పైననే తఱచుగ నుండును గనుక, లోహపు వేడి చల్లారకమునుపే నూనె పూయవలెను.

ఏ నూనె? మన మెకానిక్ షెడ్లలో కాలిన ఇంజనాయిలు పూయు ఆచారము కలదు. ఊరక వచ్చునదని తప్ప దానికి వేరొక సుగుణము నాకు కానరాదు. ఇంధనము మండగా పుట్టిన ఆమ్లములును తేమయు అందు చేరియుండును. 1953లో అమెరికాలోని సాన్ డియాగోలో రూపొంది, పిదప అట్లాస్ క్షిపణుల రక్షణకు వాడబడిన డబ్ల్యూడీ-40 సందులలోని నీటిని త్రోసివేయుటకు మిక్కిలి ఉపకరించును గాని, అది పలుచని పూత, వర్షకాలమంతయు కావలి కాయలేదు. దానిపై క్రొత్త గ్రీజును దట్టముగ పట్టించి, మైనపుకాగితమున చుట్టుట ఉత్తమము.

అప్పటికే ఎర్రబారిన భాగములకు వేరు చికిత్స. వదులు తుప్పును తీగబ్రష్షుతో గీకి టానిక్ ఆమ్లము కలిసిన ద్రావణము పూసినచో, మిగిలిన తుప్పు నల్లని ఐరన్ టానేటుగ మారి రంగుపూతకు ఆధారమగును. ఇది తెలుగువారికి క్రొత్త రసాయనము కాదు: పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన బట్టపై, ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టిన ద్రవముతో వేయు నల్లరంగు ఈ సంయోగ ఫలమే. ఫాస్ఫారిక్ ఆమ్లము పూసినచో ఇనుప ఫాస్ఫేటు పొర ఏర్పడును. ఢిల్లీ ఇనుప స్తంభము 1600 సంవత్సరములుగ నిలుచుటకును లోహములోని అధిక ఫాస్ఫరసు వలన నేర్పడిన ఫాస్ఫేటు పొరయే కారణమని కాన్పూరు ఐఐటీలో ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించిరి. సోడానీటిలో భాగమును బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకును, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకును తగిలించి విద్యుత్తు పంపుట వేరొక మార్గము. లోహమును ఇసుమంతయు తినకుండ తుప్పును మాత్రమే వదలించును. అయితే హైడ్రోజను పుట్టును గనుక ఆరుబయటనే చేయవలెను. ధనధ్రువమున స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, విషమయమైన క్రోమియం నీటిలో కలియును. స్ప్రింగులవంటి గట్టి ఉక్కును అందు వేయరాదు, హైడ్రోజను చొచ్చి పెళుసుబారును.

విప్పకుండ మునిగిన ఇంజను ఉన్నచో తాళము త్రిప్పి పరీక్షింపవలదు. నీరు అణగదు, సిలిండరులో చిక్కిన నీటిపై పిస్టను లేచినచో కనెక్టింగు రాడ్డు వంగును. స్పార్కుప్లగ్గులు తీసి, చేతితో త్రిప్పి నీరు వెడలగొట్టి, సిలిండర్లలో నూనె పోసి మరల త్రిప్పవలెను. అంబాసిడరుకు వేరుగ చట్రము లేదు, బాడీయే బరువంతయు మోయును. తలుపుల క్రింది డొల్లభాగములలో బురద నిండి, నీరు కారు రంధ్రములు పూడినచో, పైరంగు మెరయుచుండగనే లోనిరేకు చివికిపోవును. గొట్టము దూర్చి, స్వచ్ఛమైన నీరు వచ్చువరకు లోపల కడుగవలెను.

ఇంత చేసినను రెండు వస్తువులపై మమకారము కూడదు. చుక్కంత గుంట పడిన బాల్‌బేరింగు ఎంత తుడిచినను శబ్దము చేయుచు త్వరలో విరుగును. లోపలి గోడ తుప్పుతిన్న బ్రేకు సిలిండరు రబ్బరువాషరును కోసి, అవసరవేళ పెడలు క్రింద ఒత్తిడి నిలువనీయదు. ఈ రెంటిని అవి ఎంత అరుదైనవైనను పారవేసి క్రొత్తవి వేయించుడు.