గగనవీథిలో గృహిణి

చేతిలో సెల్‌ఫోను ఉండగా, ఇంటిమీద తీగలు కట్టుకొని రేడియోలో మాటలాడుట యెందులకని మన పాఠక సోదరీమణులు అడుగవచ్చును. తొర్రూరులో నేడు ఫోను లేని యిల్లు అరుదు గదా! అయినను 2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని ఆ ప్రాంతమువారు మఱచి యుండరు. ఆనాటి వానలకు ఆకేరు పొంగినది. కేసముద్రము చెంత రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరిన తొర్రూరు సీమకు ఆకేరు పరాయి యేఱు కాదు. వరదలలో విద్యుత్తు నిలిచిపోయినచో సెల్ స్తంభముల బ్యాటరీలు కొన్ని గంటలలో ఉడిగిపోవును. స్తంభము మూగవోయిన పిదప ఫోను అద్దపు ముక్కయే. అప్పుడు నడుమ నెవరి సాయమును కోరక, ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు నేరుగా పోవు మాట యొక్కటే మిగులును. ఆ మాటను పంపనేర్చిన వారిని ఔత్సాహిక రేడియోవారందురు, వాడుకలో హామ్‌లు.

వీరి యంత్రములు పెద్దవి కావు. కారు బ్యాటరీతో నడచును. మన యింటి రేడియో వినుటకే. వీరిది వినుటకును, పలుకుటకును గూడ. కొన్ని మీటర్ల రాగితీగను రెండు చెట్లకు కట్టిన అదియే యాంటెన్నా. భూమికి వంద కిలోమీటర్లకు పైన సూర్యకాంతిచే విద్యుత్తును పొందిన గాలిపొర కలదు. కొన్ని తరంగములు దానికి తగిలి, గోడకు కొట్టిన బంతివలె మరల క్రిందికి వచ్చును. అందుచేత నూఱు వాట్ల దీపము వెలుగుటకు చాలిన విద్యుత్తుతో సముద్రముల కావలివారిని పలుకరింపవచ్చును.

హైదరాబాదు నగరమున 1983లో శ్రీ ఎస్. సూరి గారు జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థను నెలకొల్పిరి. 1999లో ఒరిస్సా తుపాను నాడును, 2001లో భుజ్ భూకంపమునాడును ఈ విద్య నేర్చినవారు వార్తలు చేరవేసిరి. ఐనను మేము ముఖ్యముగా చెప్పదలచినది ఈ సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ గారి సంగతి. ఆమె గృహిణి, బిడ్డల తల్లి. గాలిలో ఆమె పేరు వీయూ2ఆర్‌బీఐ.

అండమాన్ దీవులనుండి ఔత్సాహికులు పలుకుటకు ప్రభుత్వము చాలకాలము అనుమతి నీయలేదు. 1987 తరువాత ఆ దీవుల గొంతు ఈ గాలిలో వినరాలేదు. మన పిల్లలు తపాలా బిళ్లలు కూర్చునట్లు ఔత్సాహికులు తాము మాటలాడిన దేశములను, దీవులను కూర్చుకొందురు. దొరకని దీవియనిన వారికి ప్రాణము. భారతిగారు ఏండ్ల తరబడి అర్జీలు పెట్టి, పట్టు విడువక, 2004 డిసెంబరులో ఒక బృందముతో పోర్ట్‌బ్లెయిరు చేరిరి. లోకము నలుమూలలనుండి పిలుపులు వచ్చిపడెను. అంతవరకును అది పండుగయే.

డిసెంబరు 26, ఆదివారము. ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా చెంత సముద్రగర్భమున 9.1 తీవ్రతతో భూమి కంపించెను. భారతిగారు అప్పుడు యంత్రము ముందే యుండిరి. అదరుచున్నదని ఒక్క కేక వినబడెను. పిమ్మట ఆమె గొంతు ఆగిపోయెను. వినుచున్నవారి మనస్సు లెట్లుండునో చెప్పనక్కఱలేదు. తరువాత అలలు వచ్చినవి. టెలిఫోనులు పనిచేయలేదు. ఆమె ప్రాణములతో బయటపడి, యింటికి మరలు దారి వెదకుటకు మాఱుగా, యంత్రమును తిరిగి నిలిపిరి. దీవులకును ప్రధాన భూభాగమునకును నడుమ వార్తలు ఆ యంత్రము మీదుగా సాగెను. బృందమువారు కార్ నికోబారునకు సైతము రేడియో కొనిపోయిరి. ఫలానావారు క్షేమము అను రెండు మాటలకై ఎన్ని యిండ్లలో తల్లులు పొయ్యి వెలిగింపక కూర్చుండిరో మన మూహింపవచ్చును.

పత్రికలు ఆమెను వీరవనితయని పొగడినవి. తగును. కాని మాకు అంతకంటె గొప్పగా తోచునది ఆ ముందరి ఏండ్లు. పనిలేని పనియని నలుగురు అనుకొను విద్యను ఒక గృహిణి విడువక సాధన చేయుటవలననే, అవసరము వచ్చిననాడు ఆమె చేయి తడబడలేదు. ఇంటి ఆడువారి వేడుకలను కాలహరణమని త్రోసివేయు పెద్దలు దీనిని కొంచెము తలపోయవలెను.

ఈ విద్యకు కేంద్రప్రభుత్వమువారి పరీక్ష కలదు. పండ్రెండేండ్లు నిండిన బాలిక కూడ కూర్చొనవచ్చును. రేడియో సూత్రములును, నియమములును తెలియవలెను. పైతరగతికి చుక్కలు గీతల మోర్సు లిపి కూడ రావలెను. గెలిచినవారికి వీయూ అను అక్షరములతో మొదలగు పిలుపుపేరు వచ్చును. శ్రీమతి సోనియా గాంధీ గారును అట్టి పేరు పొందినవారే. నియమములలో మాకు మిక్కిలి నచ్చినది యిది: ఈ గాలిలో వర్తకము చేయరాదు, మాటకు కూలి పుచ్చుకొనరాదు, సంకేతభాషలో దాచి చెప్పరాదు. రహస్యము దాగని నోరని మనలను ఎగతాళి చేయు పురుషులు ఈ మూడవ నియమమును గమనింతురుగాక!

కూలి లేక యిచ్చుట, దాపరికము లేకుండుట వీరికి అలవాటగుటచే, తాము కట్టిన యంత్రముల పటములను ఒకరికొకరు చూపుకొందురు. భౌతికశాస్త్రమున 1993లో నోబెల్ బహుమానము పొందిన జోసెఫ్ టేలర్ గారు కూడ హామే. చెవికి వినబడనంత సన్నని సంకేతములను పట్టి చదువు కంప్యూటరు ప్రోగ్రామును ఆయన వ్రాసి, దాని లోపలి వ్రాతతో సహా లోకమునకు విడిచిరి. ఇట్లు విడిచిన వానిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అందురు.

ఈ మాట మనకు క్రొత్తగాని, సంగతి క్రొత్త కాదు. సంక్రాంతికి సకినాలు చుట్టుటకు ఇరుగుపొరుగు అమ్మలక్కలు కూడుదురు. నానబెట్టిన బియ్యపు పిండిలో నువ్వులెన్ని, వాము ఎంత, పిండి ఏ పాటి జారుగ నుండవలెనో అత్త కోడలికి చెప్పును, కోడలు పొరుగింటికి చెప్పును, పొరుగామె తన చేతివాటమునకు తగినట్లు మార్చుకొనును. సకినము తినుము, కాని చేయు విధ మడుగకుము, ఎవరికిని పెట్టకుము అని యెవరైన అన్న, ఆ వాకిట మఱల అడుగు పెట్టుదుమా? కంప్యూటరు ప్రోగ్రాములను అమ్మువారు పెక్కురు అట్లే అనుచుండగా, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గారు, ఆ 1983లోనే, వాడుకొనుటకు, లోపల చూచుటకు, మార్చుటకు, పంచుటకు అందరికిని హక్కు గల ప్రోగ్రాములు వ్రాయుదమని చాటిరి.

తొర్రూరునకు దూరము కాని బమ్మెర, పోతనామాత్యుని ఊరని ఆ సీమవారి నమ్మకము. (ఒంటిమిట్టవారు ఒప్పుకొనరు, ఆ తగవు మనకు వలదు.) భాగవతమును రాజునకు అమ్ముకొనక రాముని కిచ్చెనను కథ వినని తెలుగింటి ఆడపడుచు లేదు. కంప్యూటరు తెఱపై తెలుగు అక్షరము దుర్లభమైయున్న దినములలో శ్రీ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తెలుగు అక్షరముల అచ్చు నొకదానిని రూపొందించి, దానికి పోతన యని పేరిడి, స్టాల్‌మన్ గారి పద్ధతినే వెల లేక విడిచిరి. ఆ పేరు ఎంత తగినదో మేము చెప్పవలెనా? హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారు కంప్యూటరునంతటిని తెలుగున పలికించుటకు పూనుకొన్నారు.

సమాచారమునకును ఇదియే దారి. తెలంగాణ ప్రభుత్వము 2016లో ఒక విధానము చేసి, తన దగ్గఱి లెక్కలను అందఱికి తెఱచి పెట్టుచున్నది. ఏ మండలమున ఎంత వాన కురిసెనో వానిలో చూడవచ్చును. వరి నాటించు యింటి ఇల్లాలికి అది పనికిమాలిన లెక్క కాదు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను లోకపటము 2004లో మొదలైనది. ఎవరి ఊరిని వారే గీసి అందు చేర్చవచ్చును. పెద్ద బాటను ఎవరైనను గీయుదురు. ఏ సందులో చేదబావి ఉన్నదో, ఏ వాకిట వాన నీరు మొదట చొచ్చునో, చీకటిలో పిల్లలతో ఏ మిట్టకు నడువవచ్చునో తొర్రూరు ఇల్లాండ్రకు తెలిసినంతగా మఱెవరికిని తెలియదు. వారు గీయునంత వఱకు ఆ పటమున అవి ఉండవు.